ఎడమ చిల్లులో ముడి

తుప్పు పట్టిన టీ డబ్బా కనిషాయ్ ఒళ్లో ఉంది. మూత ఊడివచ్చింది. లోపలున్నదాన్ని బయటికి తీయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

ఐదు వారాలుగా ఆమె ఇక్కడికి వస్తున్నది దీనికోసమే. ఇరవై రెండేళ్ల కిందట ఆమె అన్న మెలిస్ బాలిక్చి రేవు నుంచి ‘చర్దక్’ అనే తెరచాప పడవలో ఒంటరిగా సరస్సు మీదికి వెళ్లాడు. తిరిగి రాలేదు. మూడో రోజున తూర్పు ఒడ్డుకు రెండే వస్తువులు కొట్టుకొచ్చాయి. ఒకటి అతని టోపీ. రెండోది ఒక కొయ్యబిళ్ల. తెరచాప కొయ్యను పక్కలనుంచి లాగిపట్టే తాళ్ల కొసన, మూడు చిల్లులతో ఉంటుంది చూడండి, అది. రెండు చిల్లుల్లోంచి బిగింపు తాడు జారిపోయి, మూడోదాంట్లోంచి వేలాడుతోంది. తాడు జారింది, కొయ్య కూలింది, పడవ బోల్తా పడింది అని పెద్దలు తేల్చారు. ఆ పడవ కట్టించిన ఇషెంబాయ్ అందరి ముందూ నిలబడి, “ఆ ముడి నాదే” అన్నాడు. మరి మాట్లాడలేదు. కనిషాయ్ తల్లి ఐమ్‌కాన్ ఆయన కాళ్ల ముందు ఉమ్మేసి వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లింట్లో ఇషెంబాయ్ పేరు ఎత్తకూడదు.

ఇప్పుడు ఇషెంబాయ్‌కి డెబ్బై తొమ్మిది. చేతులు వణుకుతున్నాయి. పోయేలోగా చర్దక్‌కు ఒక నమూనా కట్టాలని పట్టుబట్టాడు. పడవ మొండెం పూర్తయింది, తాళ్లు కట్టడం చేతకావడం లేదు. “నీ వేళ్లు తప్ప ఇంకెవరివీ పనికిరావు” అని కనిషాయ్‌కి కబురు పెట్టాడు. రైల్వే స్టేషన్లో అదనపు డ్యూటీ అని తల్లికి అబద్ధం చెప్పి ఆమె వచ్చింది. పడవ మీద మమకారంతో కాదు, మా అన్నను ముంచిన ముడిని నా కళ్లతో నేను చూడాలి అని వచ్చింది. అడిగిన ప్రతిసారీ ఆయన మాట మార్చాడు. ఈ పొద్దున ఆయన సెలైన్ ఎక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. జిగురు సీసాల వెనక ఈ డబ్బా ఆమె కంటబడింది.

బయట ఉలాన్ గాలి మూడో రోజు కూడా ఆగలేదు. బోమ్ కనుమలోంచి పడమటి గాలి తెగబడిందంటే బాలిక్చిలో మనుషులకు నిద్రా ఉండదు, నిలకడా ఉండదు. ఇషెంబాయ్ పనిగది అసలు గది కాదు. రేవులో ఓడలను తుక్కుకు కోస్తున్నప్పుడు ఒక సరుకుల ఓడ మీది చుక్కాని గదిని అడిగి తెచ్చుకుని పెరట్లో నిలబెట్టుకున్నాడు. చుట్టూ అద్దాలు. గాలి కొట్టినప్పుడల్లా అవన్నీ ఒకేసారి పళ్లు కొరుకుతున్నట్టు గిటగిటలాడుతున్నాయి.

కనిషాయ్ చెయ్యి పెట్టి తీసింది.

అరచేతికి నిండుగా వచ్చింది బిళ్ల. నల్లబడింది, అంచు ఒకచోట చిట్లింది. మూడు చిల్లులు. రెండు ఖాళీ. మూడోదాంట్లో బారెడు తాడు ఇంకా ఉంది. తాడు మొదట్లో వేసిన అడ్డుముడి చిల్లులో ఇరుక్కుని అలాగే ఉండిపోయింది.

ముడి ఉన్న వైపు తనకేసి తిప్పుకుంది. ముడి ఎడమ చిల్లులో ఉంది.

ఒక్క క్షణం ఆమెకేమీ అర్థం కాలేదు. తర్వాత కళ్లు వాటంతటవే ఎదురుగా బల్ల మీదున్న నమూనా వైపు వెళ్లాయి. నేరేడుపండు రంగు పూసిన మూరెడు పడవ. దాని పక్కటెముకలు ఖుబానీ చెట్టు కొయ్యవి. తలదిండు గలీబును టీ డికాక్షన్లో ముంచి ఆరబెట్టిన తెరచాప. జొన్నగింజంత బిళ్లలు, వాటికి సూదిమొనతో పొడిచిన చిల్లులు, మైనం రాసిన దారాలు. నిన్న తను కట్టినవి నాలుగు. నాలుగూ ఎడమ చిల్లు నుంచే మొదలయ్యాయి. “కుడి నుంచి మొదలుపెట్టు తల్లీ, కుడి నుంచి. ఎన్నేళ్లు చెప్పాలి నీకు?” అని నిన్న కూడా ఇషెంబాయ్ విసుక్కున్నాడు. ఆమెది ఎడమచేతి వాటం. చెయ్యి ముందు అటే పోతుంది.

‘అగాయ్ కూడా ఒక్కోసారి అలా కడతారేమో’ అనుకుంది. పని నేర్పిన గురువును అలా పిలవడమే ఆమెకు అలవాటు.

లేచి అరల దగ్గరికి వెళ్లింది. ఇషెంబాయ్ జీవితమంతా కూర్చుని కట్టిన ఓడలు ఏడున్నాయక్కడ. దుమ్ము ఊది, ముక్కు ఆనించి ఒక్కొక్కటీ చూసింది. మొదటిది కుడి. రెండోది కుడి. మూడో ఓడకు రెండు కొయ్యలు, అరవైకి పైగా బిళ్లలు. అన్నీ కుడే. ఏడో ఓడ దగ్గరికి వచ్చేసరికి చూడటం మానేసి ఊరికే నిలబడింది. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. బిళ్లను కిటికీ వెలుగులోకి పట్టింది. తాడు కొస పీచు లేవకుండా దారం చుట్టి ఉంది. ఆ చుట్టు కూడా ఎదురు చుట్టు, ఎడమచేతివాళ్లు చుట్టేది.

కూర్చుంది. లేచింది. బిళ్లను డబ్బాలో పెట్టింది, మళ్లీ తీసింది.

మెలిస్ వెళ్లడానికి ముందురోజు సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. గుర్తు రావడానికి అదెప్పుడూ మరుపున పడలేదు. అప్పుడు ఆమెకు ఇరవై. రేవు క్లబ్బులో బొమ్మ ఓడలు కట్టే పదిహేను మందిలో ఆడపిల్ల తనొక్కతే. ఆ క్లబ్బే ఒక ఏడాది బొమ్మలు పక్కన పెట్టి, పాతకాలపు పద్ధతిలో నిజం పడవ కట్టింది. అదే చర్దక్. సరస్సు మీద తిరిగే తెల్లపిట్ట పేరు పెట్టారు. ఆ సాయంత్రం ఎడమ పక్క తాడు ఒకటి వదులుగా కనిపించింది. విప్పి, తనే కొత్త తాడు ఎక్కించి బిగించింది. ఇది తప్పని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. ఎందుకంటే ఆమె కట్టిన ప్రతి ముడినీ పొద్దున్నే అగాయ్ విప్పేసి మళ్లీ కట్టేవాడు. ఒక్కరోజు కూడా తప్పింది లేదు.

తలుపు కాలితో తన్నుకుంటూ బాత్మకాన్ వచ్చింది. ఇషెంబాయ్ భార్య. రెండు చేతుల్లో రెండు కప్పులు, చంకలో రొట్టె, తలగుడ్డ చెవుల దాకా లాగి కట్టుకుంది.

“ఏం గాలమ్మా ఇది! తలగుడ్డ ముడెయ్యకపోతే కరాకోల్ దాకా పోయి నా పరువు తీసేట్టుంది. ఇదిగో తాగు. పొద్దుట్నుంచి నోట్లో దారం తడుపుకోవడం తప్ప ఇంకేం పడలేదు నీకు. ఆయన రాగానే ‘పిల్లకి టీ ఇచ్చావా’ అని మొదలెడతాడు, నాకా...”

డబ్బా చూసింది. కప్పులు బల్ల మీద పెట్టింది, కొంచెం ఒలికింది.

“ఎజే, ఈ ముడి ఎవరు కట్టారు?” అని కనిషాయ్ ఆ పెద్దావిడను అడిగింది.

“నన్నడుగుతావేం? నాకు గుండీ కుట్టుకోవడమే సరిగ్గా రాదు.”

“మీకు తెలుసు.”

“దాని సొంతదారు వస్తున్నాడుగా. ఆయన్నడుగు.” బాత్మకాన్ గొంతులో హాస్యం లేదు. రొట్టె విరవబోయి విరవకుండా పక్కన పెట్టేసింది.

గేటు కిర్రుమంది. ఇషెంబాయ్ గాలికి అడ్డంగా వంగి నడుస్తూ వచ్చాడు. మోచేతి మడతలో ఇంకా దూది అంటించే ఉంది. గడప దాటాడు, బల్ల మీద మూతలేని డబ్బాను చూశాడు, కనిషాయ్ చేతిలో బిళ్లను చూశాడు. కోప్పడలేదు. కోటు విప్పి మేకుకు తగిలించాడు. రెండుసార్లు తప్పి మూడోసారికి తగిలింది.

“టీ చల్లారిపోతోంది” అన్నాడు.

“అగాయ్, ఇది ఎడమ చిల్లు.”

“నీ చూపు బాగానే ఉంది.”

“మాట మార్చకండి. ఇవాళ మార్చనివ్వను. ఇది నేను కట్టింది.”

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. వణుకుతున్న చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అద్దాలు గిటగిటలాడుతున్నాయి. చివరికి తల ఊపాడు.

“మీరు రోజూ విప్పేవారు కదా!” కనిషాయ్ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “నేనేం కట్టినా పొద్దున్నే విప్పేసేవారు. అందరూ నవ్వేవాళ్లు. అన్నయ్య కూడా నవ్వేవాడు, ‘నువ్వు కట్టు, అగాయ్ విప్పుతారు, ఇద్దరికీ పని దొరుకుతుంది’ అని. ఆ ఒక్క రోజూ ఎందుకు విప్పలేదు?”

“బాగుంది.”

“ఏంటి?”

“ముడి బాగుంది అమ్మాయ్.” ఇషెంబాయ్ ఆమెకేసి చూడలేదు. “విప్పుదామనే వెళ్లాను. పట్టుకుని లాగాను. వేలాడాను. కదల్లేదు. ఎడమ నుంచి మొదలుపెట్టిందేగానీ, పిల్లకి పని వచ్చేసింది అనుకున్నాను. సంతోషం వేసింది నాకు. సాయంత్రం మెలిస్ తిరిగొచ్చాక అందరి ముందూ చెబ్దామనుకున్నాను, ఇకనుంచి కనిషాయ్ ముడి ఎవరూ విప్పక్కర్లేదు అని.”

కనిషాయ్ బిళ్లను రెండు చేతులా పట్టుకుంది.

“ఆ బిళ్ల కొట్టుకొచ్చిన రోజు చూడగానే నీ ముడని తెలిసింది నాకు. వాళ్లెవరికీ తెలియదు, వాళ్లకి ముడంటే ముడే. నాదే అన్నాను. అబద్ధమేం కాదు. చూసి వదిలేసిన ముడి కట్టినవాళ్లది కాదు, వదిలేసినవాడిది.”

“నన్ను కాపాడమని ఎవరడిగారు మిమ్మల్ని?” అంటూ ఆమె లేచింది. ఆ ఇరుకు గదిలో అటు రెండడుగులు, ఇటు రెండడుగులు తప్ప చోటు లేదు, అంతలోనే తిరిగింది. “ఇరవై రెండేళ్లు! పొద్దున లేస్తే మిమ్మల్ని తిట్టుకున్నాను. వీధిలో ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. ఈ ఐదు వారాలూ మీ బల్ల ముందు కూర్చుని, ఈ చేతులే కదా మా అన్నను చంపింది అని మీ చేతుల వణుకు చూసి లోపల సంబరపడ్డాను. తెలుసా మీకు? మీ గేటు మీద తారు పూసింది ఎవరనుకున్నారు? నేనే!”

“తెలుసులే” అంది బాత్మకాన్. “గీతలన్నీ ఎడంవైపుకే వాలి ఉన్నాయి. గీకలేక చచ్చాను.”

ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వేవాళ్లు. కనిషాయ్ మొహం చేతుల్లో దాచుకుంది.

బాత్మకాన్ ఆమెను ఓదార్చడానికి వెళ్లలేదు. మొగుడి ముందుకు వెళ్లి నిలబడింది. “ఇప్పుడు నేను మాట్లాడతాను. నువ్వు నోరు మూసుకో. పిల్లా, నువ్వు విను. నిన్ను దాచింది ఈయనే కాదు, నేను కూడా దాచాను, ఇష్టం లేకుండా దాచాను. ఈ వీధిలో పదకొండు పెళ్లిళ్లయ్యాయి, ఒక్కదానికి మా గుమ్మం తొక్కి పిలిచిన మనిషి లేడు. ఈయన సొంత అన్న చచ్చిపోతే, పోయినవాళ్ల పేర పెట్టే ఆ ఆష్ భోజనంలో మాంసం పంచుతూ ఈయన వయసుకు తగ్గ ఎముక ఈయన పళ్లెంలో వెయ్యలేదు. కుర్రకారుతో పాటు మెడముక్క పడేశారు. తినేసి లేచి వచ్చాడు. ఆ రాత్రంతా నేను ఏడ్చాను, ఈయన బొమ్మ ఓడకి చుక్కాని చెక్కుతూ కూర్చున్నాడు. ‘చెప్పెయ్యవయ్యా’ అన్నాను. ‘చెబితే ఐమ్‌కాన్‌కి ఉన్న ఒక్క బిడ్డా పోతుంది’ అన్నాడు. అంతే. ఆ మాట పట్టుకుని మా బతుకంతా...” చేత్తో గాలిలో ఏదో చెరిపేసినట్టు చేసింది. “చెయ్యి నీదైతే కన్ను ఈయనది. ఇద్దరి తప్పూ ఒక్కడు మోశాడు. తప్పన్నానని నొచ్చుకోకు. నేను మాత్రం ఎవరికి చెప్పుకోను?”

కనిషాయ్ వాళ్లిద్దరినీ చూసింది. తన కోపం ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్లూ అది ఒక చిరునామా ఉన్న కోపం. ఈ గేటు, ఈ పెరడు, ఈ ముసలాయన. ఒక్కసారిగా అది ఇల్లు మారి తన గుండెలోకే వచ్చి కూర్చుంది.

శాలువా అందుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు ఇషెంబాయ్.

“అమ్మ దగ్గరికి.”

“వద్దు.”

“చెప్పాలి.”

“చెప్పి ఏం చేస్తావ్?” ఈసారి ఆయన గొంతు పెరిగింది. రేవులో ఓడల మీద అరిచిన పాత గొంతు. “ఆవిడ కడుపులో పాతికేళ్ల కొడుకు శవం లేని సమాధి ఉంది. దాని మీద రాయిలా నేనున్నాను. నన్ను తీసేసి నిన్ను పెడతావా? రోజూ అన్నం పెట్టే చేతిని చూసి ఆవిడ ఏమనుకోవాలి? డెబ్బై మూడేళ్ల మనిషి!”

“అడ్డం పడకు” అంది బాత్మకాన్. “చెప్పనీ. పిల్ల చెబుతానంటే చెప్పనీ!”

“నువ్వూరుకో.”

“ఊరుకున్నాను! ఇరవై రెండేళ్లు ఊరుకున్నాను!”

“అగాయ్,” అంది కనిషాయ్ నెమ్మదిగా, “మీరు అన్నారే, వదిలేసిన ముడి వదిలేసినవాడిదని. ఇప్పుడు నేను చూశాను. చూసి ఇక్కడే వదిలేసి ఇంటికి పోతే ఇది ఎవరిదవుతుంది?”

కనిషాయ్ బిళ్లను శాలువాలో చుట్టుకుంది. తలుపు తోసింది. గాలి ఎదురు తోసింది. భుజం ఆనించి తోస్తుండగా బాత్మకాన్ జేబులో ఫోన్ మోగింది.

“కుబాత్,” అంది ఆమె చూసి. అక్క కొడుకు. దక్షిణపు ఒడ్డున రెల్లు కోయించే పని చూస్తుంటాడు. “వీడికి ఇప్పుడే దొరికింది సమయం. ఏంట్రా?... గట్టిగా చెప్పు, గాలి హోరు తప్ప ఏం వినబడట్లేదు... ఏం పడవ?”

ఆమె మొహం మారింది. ఫోన్ చెవి నుంచి తీసి, స్పీకర్ మీట నొక్కి, దాన్ని బల్ల మీద నమూనా పక్కన పెట్టింది.

“...మూడు రోజుల్నుంచి గాలి నీళ్లన్నీ తూర్పుకి తోసేసింది పిన్నీ,” కుబాత్ అరుస్తున్నాడు. “మడుగంతా బురద తేలింది. పొద్దున రెల్లు కొయ్యడానికి దిగితే పడవ బయటపడింది. సగం బురదలోనే ఉంది. పాతది. పక్కన అక్షరాలు చెక్కి ఉన్నాయి, కడిగి చూశాం. చర్దక్ అని ఉంది. బాబాయ్ ఉన్నాడా అక్కడ?”

కనిషాయ్ తలుపు వదిలేసింది. అది దభాలున మూసుకుంది. ఆ రోజుల్లో గాలి తోసే వైపంతా, తూర్పు ఒడ్డు పొడుగునా ఊరంతా వెతికింది. గాలికి అడ్డంగా ఉండే దక్షిణపు మడుగుల్లో వెతకాలని ఎవరికీ తోచలేదు.

“ఉన్నాను,” అన్నాడు ఇషెంబాయ్. బల్ల అంచు పట్టుకుని లేచాడు. “కొయ్య ఎక్కడ విరిగిందిరా? మొదట్లోనా, నడిమికా?”

“విరగలేదు బాబాయ్.”

“సరిగ్గా చూడు.”

“పక్కనే నిలబడి చెబుతున్నా. కొయ్య నిక్షేపంగా ఉంది. పడవ పొడుగునా పడుకోబెట్టి మూడు చోట్ల తాడుతో కట్టేశారు. తెరచాప చుట్టి దాని పక్కనే పెట్టారు, పైన గుడ్డ కప్పి. లంగరు కూడా దించి ఉంది, గొలుసు బురదలోకి పోయింది. ఇది మునిగిన పడవ కాదు బాబాయ్. ఎవరో తీరిగ్గా ఆపి దిగిపోయిన పడవ. తర్వాత నీళ్లెక్కి కూర్చుండిపోయినట్టుంది.”

“మనిషి?” అంది కనిషాయ్. ఫోన్ దగ్గరికి వంగింది. ఇంకోసారి అడిగింది. “మనిషి ఆనవాళ్లేమైనా ఉన్నాయా కుబాత్?”

“ఏం లేవక్కా. తెడ్లు కూడా లేవు.”

బాత్మకాన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కనిషాయ్ శాలువాలోంచి బిళ్లను బయటికి తీసి చూసింది. జారిపోయింది అనుకున్న తాడు జారిపోలేదు. విప్పారు. కొయ్య దించాలంటే ముందు పక్క తాళ్లు విప్పాలి. అలా విప్పినప్పుడు చేయి తప్పి ఒక బిళ్ల నీళ్లలో పడి ఉంటుంది. తన ముడి ఎవరినీ చంపలేదు. అగాయ్ కన్ను తప్పు చూడలేదు. ఆ మాట పైకి అనబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆయన మొహంలో ఊరట లేదు. నమూనా మీది కొయ్యకేసి చూస్తూ, పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

“మెలిస్‌తో ఆ రోజు ఎవరెళ్లారు?” అన్నాడు.

“ఎవరూ లేరు. ఒక్కడే. పడవను నీళ్లలోకి తోసింది నేనే కదా అగాయ్. దూరమై చుక్కలా అయ్యేదాకా చూశాను. వాడొక్కడే ఉన్నాడు.”

“కొండ మీది దేవదారు కొయ్య అది. ఎనిమిది మీటర్లు. నిలబెట్టిన రోజు ఆరుగురం పట్టాం.” ఇషెంబాయ్ ఆమె వైపు తిరిగాడు. “దాన్ని నీళ్ల మీద, ఊగే పడవలో, గీత పడకుండా దించి పడుకోబెట్టడం ఒక్కడి వల్ల కాదు అమ్మాయ్. దారిలో ఎవరో ఎక్కారు.”